కనకవ్వకు అరవై నిండినప్పుడు

నిన్న మధ్యాహ్నం మా గల్లీలో కరెంటు పోయింది. పంఖా ఆగడం కన్నా ముందు కింది అంతస్తులో సాంచెలు ఆగడం తెలుస్తుంది మాకు. మరమగ్గాలను మా వైపు సాంచెలంటారు. పొద్దంతా నేలలోంచి అరికాళ్ళకు ఎక్కే ఆ దడదడ ఒక్కసారిగా తెగిపోయి, పక్క వీధిలో కూరగాయల బండివాడి కేక, నా మూకుడులో సకినాలు వేగుతున్న చప్పుడు వేరువేరుగా వినిపించాయి. సకినాలు కొనడానికి వచ్చిన కొత్తావిడ నా ముఖంలోకి వింతగా చూస్తోంది. "ఏందక్కా, గొంతు పోయిందా? ఉట్టి పెదాలే కదులుతున్నయ్," అంది. చప్పుడు ఆగిందన్న ధ్యాస లేకుండా నేను ఇంకా గొంతు వాడకుండానే ధర చెబుతున్నాను. సిగ్గేసి నవ్వాను. ఆవిడ పొట్లం తీసుకుని వెళ్ళిపోయింది కానీ నేను చాలాసేపు పొయ్యి ముందే నిలబడిపోయాను. ఈ అలవాటు నాకు అంటించిన మనిషి కనకవ్వ. ఆమె సంగతి ఎక్కడైనా రాసి పెట్టాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను, నాకున్న బద్ధకం వల్ల ఇన్నాళ్ళు పట్టింది.

పెళ్ళయిన మూడో నెలలో నేను సూరత్ వచ్చాను. మా ఆయన సాంచెలు నడిపేవాడు. నేను ఇంటర్ చదివానన్న గర్వం కొంచెం ఉండేది. సూరత్‌లోనే ఉధ్నా అనే పేటలో ఆయన పనిచేసే కార్ఖానాలోనే బాబిన్లకు దారం చుట్టే పనిలో చేరిన రోజున అది పొద్దున పదింటికల్లా దిగిపోయింది. ఆ చప్పుడు చెవుల్లోకి వచ్చేది కాదు, నేరుగా కడుపులోకి వచ్చేది. ఎవరేం చెబుతున్నారో తెలియక, పోగు తెగితే ఎలా కలపాలో అడిగే దారి లేక కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పుడొక పొట్టి మనిషి వచ్చి, నూనె మరకల చేత్తో నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. గొంతు పెగల్చకుండా, పెదాలను సాగదీసి ఒక్కొక్క మాటే అంది. మూడోసారికి నాకు అర్థమైంది. "చెవులు ఇంటికాడ పెట్టిరా. నా మూతిని సూడు."

అక్కడ పనిచేసేవాళ్ళంతా అలాగే మాట్లాడుకునేవారు. ఈ గోడ దగ్గరి మనిషి ఆ గోడ దగ్గరి మనిషితో, నడుమ ఇరవై మిషన్లు మోగుతుండగా, కూర ఏం వండిందో, కోడలు ఏమందో చెప్పుకునేది. నాకు వంటబట్టడానికి రెండు నెలలు పట్టింది. కనకవ్వ చదువు చెప్పినంత పట్టుదలగా నేర్పింది. ఆ మాటలకు ఒకే ఒక కట్టుబాటు ఉండేది. ఎదుటి మనిషి మాట పూర్తయ్యేదాకా ముఖం తిప్పకూడదు. ఒకసారి ఆమె ఏదో చెబుతుండగా నేను తెగిన పోగు కోసం అటు తిరిగాను. పని అయ్యాక భుజం మీద ఒక్కటి చరిచింది. "దారం మల్ల కలుస్తది. మనిషి ఎదురుంగ నిలవడి మాట్లాడుతుంటె మొకం తిప్పుతవా? అది తలుపు మొకం మీద ఏసినట్టే," అంది. నాకు కోపం వచ్చింది, ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ తిప్పలేదు.

ఆ విద్యతో మేం చేసిన అల్లరికి లెక్కలేదు. కార్ఖానా యజమాని సేఠ్ మంచివాడే కానీ, మిషన్ల మధ్య చేతులు వెనక్కి కట్టుకుని తిరిగే అలవాటుండేది. ఆయన మా నడుమ నిలబడి ఉండగానే ఆయన కొత్త చెప్పుల గురించి, రంగేసిన మీసం గురించి కనకవ్వ ఆ చివరి నుంచి వార్తలు చదివేది. మేం తలలు దించుకుని పళ్ళు బిగబట్టి నవ్వు ఆపుకునేవాళ్ళం. మొదటి కాన్పు పోయి, ఇక ఈ ఊరు వద్దని నేను మూట కట్టుకున్న రోజుల్లోనూ ఆమె అదే గొంతులేని మాటలతో నన్ను నిలబెట్టింది. పనిలో ఉండగా ఏడుపు ఎప్పుడు తన్నుకొచ్చినా, తల ఎత్తితే ఆమె నా వైపే చూస్తూ ఉండేది. "నేనున్న గద," అని ఆ పెదాలు ఎన్నిసార్లు అన్నాయో. భర్త పోయి, ఒక్క బిడ్డను జగిత్యాలలో అత్తవారింటికి పంపించి, ఒంటరిగా ఉన్న మనిషి నాకు ధైర్యం చెప్పేది.

మాకు తెలియనిది ఒకటుంది. ముప్పై ఏళ్ళ సాంచెల మోత ఆమె చెవులను దాదాపు తినేసింది. బయట కూడా ఆమె మా నోళ్ళను చూసే అర్థం చేసుకుంటోందని, వినడం లేదని మేమెవరం కనిపెట్టలేదు. అది బయటపడడానికి లాక్‌డౌన్ రావాల్సి వచ్చింది. కార్ఖానాలు మూతపడ్డాయి. సగం గల్లీ ఊళ్ళకు వెళ్ళిపోయింది. కనకవ్వ మా ఎదురింటి గదిలో ఒక్కతే మిగిలింది. నేను రోజూ ముక్కు మీదికి మాస్కు లాక్కుని, ఆమె గడపలో అన్నం గిన్నె పెట్టి, రెండు మాటలు గొణిగి పరుగున వచ్చేసేదాన్ని. ఆమె వయసు మనిషి, నా వల్ల ఆమెకేమైనా అంటుకుంటే ఎలాగన్న దిగులు. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను. పనులు మళ్ళీ మొదలైనా మాస్కులు పోలేదు. కనకవ్వ సాయంత్రాలు మా మధ్యకు వచ్చి కూర్చోవడం మానేసింది. పిలిస్తే పలికేది కాదు. ఒకరోజు మా లలితతో, కొత్త సంవత్సరం వెళ్ళాక గది ఖాళీ చేసి బిడ్డ దగ్గరికి శాశ్వతంగా వెళ్ళిపోతానని చెప్పిందట. నాతో చెప్పలేదు. అదే నన్ను ఎక్కువ పొడిచింది.

లలిత నా పక్క మిషన్ మీద పనిచేసేది, ఊరుకునే మనిషి కాదు. "జనవరి ఒకటికి అవ్వకు అరవై నిండుతయ్. ఆధార్‌ల గట్లనే ఉన్నది," అంది. ఆధార్ రాసే రోజున పుట్టినరోజు ఎప్పుడని అడిగితే, వానలు పడే దినాలు అని కనకవ్వ చెప్పిందట. రాసేవాడు జనవరి ఒకటి వేశాడు. మా గల్లీలో అదే తారీఖున పుట్టినవాళ్ళు ఇంకా నలుగురున్నారు. అరవై నిండడం చిన్న సంగతా, పరాయి ఊళ్ళో మనం కాకపోతే ఎవరు చేస్తారని లలిత, మా కార్ఖానాలోనే పనిచేసే పద్మ, నేను కలిసి ఆ శని ఆదివారాలకు సాపుతారా కొండలకు వెళ్దామని నిర్ణయించాం. పద్మ పులిహోర, నేను గారెలు. ఆ ట్రిప్పుతో ఆమె మనసు మారితే ఉండిపోతుందని నా ఆశ. స్వార్థమే, దాచడం ఎందుకు.

కిరాయి వ్యాన్ డ్రైవరు రమేశ్‌భాయ్ మాస్కు ముక్కు కిందికి జారితే బండి ఆపేసే రకం. ముక్కులు మూసుకునే పాటలు పాడాం, చప్పట్లు కొట్టాం. కనకవ్వ నాలుగు గంటలూ కిటికీలోంచి కొండలు చూసింది. సాయంత్రం బసలో కేకు కోయించాం. మాస్కుల వెనక మేం అరిచిన శుభాకాంక్షలు ఆమెకు చేరినట్టే లేదు. కత్తి చేతిలో పట్టుకుని, పరాయివాళ్ళ పెళ్ళికి వచ్చిన మనిషిలా మర్యాదగా నిలబడింది. ఇంత దూరం తీసుకొచ్చి ఏం చేశామా అని నాకు దిగులేసింది.

మర్నాడు పొద్దున చెరువు పక్కన గడ్డి మీద ఆమె ఒక్కతే కూర్చుని ఉంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆమె నా వైపు చూడకుండానే అడిగింది.

"సుజాతా, ఒక్కటి అడుగుత, నిజం చెప్తవా? నేనేం తప్పు చేసిన్నే నీకు?"

"తప్పేంది అవ్వా?" అన్నాను. మాస్కులో అన్నానని నాకే గుర్తు లేదు.

"గిన్నె పెడుడు, మొకం తిప్పుకొని ఉరుకుడు. ఒక్కనాడన్న నిలవడ్డవా? కండ్లు సూస్తె ఎర్రగ, నొసలు ముడేసుకొని. ముసల్ది భారమైంది, మొకమాటానికి పెడుతున్నరు అనుకున్న. అందుకే పోతనన్న."

నా మాట ఆమెకు వినబడనే లేదని, ఇన్నాళ్ళూ మా నోళ్ళు చూసే మాటలు పట్టుకునేదని అప్పుడు తెలిసింది నాకు. తొమ్మిది నెలలు ఆమెకు నా ముఖంలో సగమే కనిపించింది. ఆ సగంలో ఉన్న భయాన్ని ఆమె కోపమని చదువుకుంది. మొదట్లోనే ఆమె నేర్పిన ఒకే ఒక్క కట్టుబాటును నేను రోజుకు రెండుపూటలా తెంపాను. అది కార్ఖానా పద్ధతి, అక్కడితో సరి అన్నట్టు షెడ్డులోనే వదిలేసి వచ్చాను. మా ఇళ్ళ మధ్య గల్లీ ఎంత? పది అడుగులు. నా గుమ్మంలో నిలబడి, మాస్కు తీసి, పెదాలతో మాట్లాడితే సరిపోయేది. ఇరవై మిషన్ల అవతలికి మాట్లాడిన మాకు ఆ ఆలోచనే తట్టలేదు. నా బుద్ధి ఏ గడ్డి మేసిందో!

లేచాను. అవతలికి ఇరవై అడుగులు పోయి, ఆమెకు ఎదురుగా తిరిగి మాస్కు తీశాను. పెదాలతోనే అన్నాను. "కోపం కాదవ్వా. భయం. నీకేమన్న అయితదని భయం. నువ్వు లేకుంటె ఈ ఊర్ల నేను ఒక్కరోజు నిలవడకపోదును." ఆమె కదలకుండా చూసింది, నేను పూర్తి చేసేదాకా. తర్వాత తన మాస్కు తీసి, "గంతేనా?" అంది శబ్దం లేకుండా. "గీ ముక్క చెప్పనీకి గింత దూరం తెచ్చినవా, పిచ్చిదానా." ఇద్దరం ఏడ్చాం, అంత దూరం నుంచే.

పైనుంచి టీలు పట్టుకుని దిగుతున్న లలిత, పద్మ ఆగిపోయారు. మా నోళ్ళు చూసి సంగతి గ్రహించారు. లలిత ఒక బండ మీద, పద్మ ఇంకో పక్క చెట్టు మొదట్లో కూర్చుని మాస్కులు దించారు. ఇక చూడండి, తొమ్మిది నెలల ముచ్చట్లన్నీ ఆ గడ్డి మీదుగా ఒక్క చప్పుడు లేకుండా అటూ ఇటూ పరిగెత్తాయి. సేఠ్ మీసం మళ్ళీ తెల్లబడిందన్న వార్తకు కనకవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది. చెరువు గట్టున నడుస్తున్న ఒక గుజరాతీ పెద్దాయన మమ్మల్ని జాలిగా చూసి, వీళ్ళంతా చెవిటివాళ్ళా అని మా డ్రైవరును అడిగాడు. "నహీ కాకా, తెలుగు లోగ్ హై," అన్నాడు రమేశ్‌భాయ్, మేం తెలుగువాళ్ళం కావడమే జవాబైనట్టు.

తిరుగు ప్రయాణానికి సామాను సర్దుతుంటే కనకవ్వ నాతో అంది. "బిడ్డ కాడికి పోవుడైతే పోత, ఎప్పుడో ఓనాడు. గని గిట్ల అలిగి పోను. జర మూతులకున్న ఈ బట్టలు పోనీ." అలాగే ఉండిపోయింది.

ఆమె ఉండిపోవడం నాకెంత మేలు చేసిందో మూడు నెలలు తిరగకముందే తెలిసింది. రెండోసారి జబ్బు ఊరంతా పాకినప్పుడు నాకూ అంటుకుంది. వీధి వైపు గదిలో నన్నొక్కదాన్నే ఉంచారు. మా ఆయన, రెండో కాన్పులో పుట్టిన మా పాప లోపలి గదిలో. దగ్గి దగ్గి గొంతు పూర్తిగా పోయింది. ఫోనులో ఎవరితోనూ మాట్లాడలేను. రెండు పూటలా కనకవ్వ తన గుమ్మంలో పీట వేసుకుని, నా కిటికీకి ఎదురుగా కూర్చునేది. గొంతు లేని నా మాట ఆ రోజుల్లో ఈ లోకంలో ఒక్క మనిషికే అందింది. ఊపిరాడక ఒక మాటకు ఎంతసేపు పట్టినా ఆమె అటూ ఇటూ చూసేది కాదు. "చచ్చిపోతనేమో అవ్వా," అన్నానొక రోజు. ఇంట్లో వాళ్ళకు చెప్పలేని మాట. ఆమె కంగారు పడలేదు, నన్ను కసరలేదు. "భయమైతున్నదా? అయితది. నేను ఈడనే ఉన్న, భయపడు," అంది. ఆ మధ్యాహ్నం చాలా రోజుల తర్వాత నిద్రపోయాను.

మాస్కులు పోయాక, చెప్పిన మాట ప్రకారం కనకవ్వ నవ్వుతూనే జగిత్యాల వెళ్ళింది. అక్కడ మనవరాళ్ళకు గొంతులేని మాటలు నేర్పి వాళ్ళ బడి పంతులును హడలగొడుతోందట. నేను కార్ఖానా మానేసి పిండివంటలు అమ్ముకుంటున్నాను. మా ఇంట్లో నాకొక చాదస్తం మిగిలింది. పాప పరీక్ష రాసి ఆలస్యంగా వచ్చినప్పుడు, మా ఆయన దగ్గు రెండో రోజుకు తగ్గనప్పుడు నాకు నొసలు ముడిపడుతుంది, గొంతు కటువవుతుంది. అప్పుడు పొయ్యి ఆర్పి వెళ్ళి వాళ్ళ ఎదురుగా నిలబడతాను. "ఇది కోపం కాదు, నాకు భయమైతున్నది," అని చెప్పేస్తాను. చెప్పాక, వాళ్ళు ఏమంటారో పూర్తిగా అనేదాకా అక్కడే ఉంటాను.