తూబా ఖానుం కొన్న రాకెట్

ఇరాన్ దేశం షీరాజ్‌లో మా పేటవాళ్లు తూబా ఖానుం తోడు లేకుండా చీపురు కూడా కొనరు. ఖర్మకాలి కొన్నా ఇంట్లో దాచుకుంటారే తప్ప బయటికి చెప్పరు. పెళ్లికూతురి బంగారం నుంచి ఎండాకాలం పుచ్చకాయ దాకా ఏది కావాలన్నా ముందు ఆవిడ గుమ్మం తొక్కాల్సిందే. కాయని చెవి దగ్గర పెట్టుకుని వేలితో రెండు తట్లు తట్టిందంటే లోపల ఎరుపెంతో, తీపెంతో చెప్పేస్తుంది. తివాచీని తిరగేసి ముందు వీపు చూస్తుంది, ముఖం ఆఖర్న చూస్తుంది. ఇక బేరానికి కూర్చుందంటే కొట్టువాడి పోయిన పెద్దలందరూ ఆ పూట సమాధుల్లోంచి లేవాల్సిందే. మధ్యలో లేచి వెళ్లిపోతుంది. ఉత్తుత్తి వెళ్లిపోవడం కాదు, నిజంగానే బజారు చివరికి పోయి, ఇంకో కొట్లో కూర్చుని, పంచదార బిళ్ల నోట్లో పెట్టుకుని తీరిగ్గా టీ తాగుతుంది. మొదటి కొట్టువాడు మనిషిని పంపి బతిమాలించుకుంటాడు. మాటల్లో ఆవిడ మీద గెలిచిన మనిషిని నేనైతే ఇంతవరకు చూడలేదు.

ఆడపిల్లల బడిలో ముప్పై ఏళ్లు కుట్టుపని నేర్పి పదవీ విరమణ చేసింది. భర్త పోయి కొన్నేళ్లయింది. కూతుళ్లిద్దరూ ఊళ్లోనే ఉన్నారు, ఏదైనా కొనాల్సి వస్తే వస్తారు. ఊరందరికీ ఇన్ని కొనిపెట్టిన మనిషి ఇంట్లో టీనీళ్లు కాచే సమోవార్ మాత్రం కారుతూనే ఉంటుంది. కింద గిన్నె పెట్టుకుంటుంది. ఎందుకమ్మా అంటే, తనకు తగింది ఇంకా దొరకలేదట.

ప్రతి సోమవారం పొద్దున్న పార్కు పక్క హాల్లో ఆడవాళ్ల వేళ. తలుపులకి మందపాటి తెరలు దించేస్తారు, తలరుమాళ్లు, పైన తొడిగే పొడుగు మాంటోలు కొక్కేలకెక్కుతాయి, లోపల టెన్నిస్ కోర్టు. పళ్ల డాక్టరు మొనీర్, ఆవిడ స్నేహితురాళ్లు ముగ్గురు, అక్కడ ఆడుకుంటారు. తూబా ఖానుం వాళ్లతో వెళ్లి బెంచీ మీద కూర్చునేది. దోసకాయలు చెక్కు తీసి, ఉప్పు జల్లి, ఆట ఆగినప్పుడల్లా అందించేది. "నువ్వు లేకపోతే మా ఆటకి రుచే లేదు తూబా జాన్" అనేవాళ్లు. దోసకాయ గురించి అన్నారో, మనిషి గురించి అన్నారో ఆవిడ అడగలేదు.

అసలు సంగతి మాత్రం ఎవరికీ తెలియదు. పదహారో ఏట బడిలో ఒక్క వేసవి ఆవిడ కూడా టెన్నిస్ ఆడింది. బంతి రాకెట్ నడిమధ్య తగిలినప్పుడు మోచేతి దాకా పాకే ఆ హాయి ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ వేసవి తర్వాత విప్లవం వచ్చి దేశంలో చాలా ఆగిపోయాయి, వాటితో పాటు ఆవిడ ఆట కూడా ఆగింది. దానికోసం ఎవరూ దిగులుపడలేదు. అప్పట్లో దిగులుపడడానికి అంతకంటే పెద్ద సంగతులుండేవి.

అలా ఉండగా, నలుగురిలో ఒకావిడ భర్తకి బందర్ అబ్బాస్ బదిలీ అయింది. నాలుగో చోటు ఖాళీ.

"తూబా జాన్, వచ్చే సోమవారం నుంచి నువ్వే ఆడుతున్నావు" అంది మొనీర్.

"నేనా? చాల్లే! మోకాళ్లు పట్టేసే వయసులో బంతి వెనకాల ఉరకమంటావా?" అంది తూబా ఖానుం. లోపల గుండె గంతులేస్తోంది.

"నా మీదొట్టు, రావాలి."

"వద్దు తల్లీ, మీ ఆట చెడగొట్టడమెందుకు?"

"నువ్వు రాకపోతే నేనూ మానేస్తా."

"సరేలే, నువ్వింతగా అంటుంటే కాదంటానా?" అంది. మొదటిసారే ఒప్పుకుంటే ఆత్రం అనుకుంటారు, నాలుగోసారి కూడా కాదంటే పొగరనుకుంటారు. మా దగ్గర ఇవన్నీ ఉగ్గుపాలతోనే పట్టిస్తారు.

"ఏదో ఒక రాకెట్ కొనుక్కో, చాలు. మనమేమన్నా కప్పులు గెలవాలా?" అంది మొనీర్ వెళ్తూ వెళ్తూ.

ఏదో ఒకటి! తూబా ఖానుంతో అనదగిన మాటేనా అది? ఆవిడ కొన్న రాకెట్ అంటే రేపు పేటంతా వచ్చి చూస్తుంది. మంచిదై ఉండాలి, చవకదై ఉండాలి, మళ్లీ చవకగా కొన్నట్టు కనబడకూడదు. ఆవిడ కాలికి బలపం కట్టుకుని ఆటసామాన్ల కొట్లన్నీ తిరగడం మొదలుపెట్టింది.

మజీద్ అనే కుర్రాడిది అందులో పెద్ద కొట్టు. పాపం, మొదటిరోజు ఆవిడ ఎవరో తెలియక ఓపిగ్గా చెప్పాడు.

"సరదాకి ఆడేవాళ్లకి తల పెద్దదుంటే మేలు ఖానుం. బంతి కాస్త పక్కన తగిలినా అవతలికి పోతుంది. మరీ బరువుంటే మోచెయ్యి పోతుంది, మరీ తేలికైతే దెబ్బలో పస ఉండదు. పిడి ఇలా పట్టుకోండి. వేళ్ల కొసలకీ అరచేతికీ మధ్య రెండో చేతి వేలు ఒకటి దూరాలి. దూరిందా? అదీ మీ కొలత."

"అల్యూమినియమా, గ్రాఫైటా?"

"ఎప్పుడో ఓసారి ఆడితే అల్యూమినియం చాలు. వారం వారం ఆడేట్టయితే గ్రాఫైట్ కలిసింది తీసుకోండి, చెయ్యి అదరదు."

"ఎంత?"

"మీకంటే ఎక్కువా ఖానుం? ఊరికే తీసుకెళ్లండి" అన్నాడు, బజారు మర్యాదకి.

"నీ నీడ చల్లగుండాలి నాయనా, ఎంత?"

చెప్పాడు. ఆవిడ లేచి వెళ్లిపోయింది. మజీద్‌కి పద్ధతి తెలియక మనిషిని పంపలేదు. ఆవిడ పక్క కొట్లో రెండు గ్లాసుల టీ తాగి, ఎవరూ రాకపోయేసరికి మొహం మాడ్చుకుని ఇంటికి పోయింది.

అలా మొదలైంది. ఒక వారం తీగలు వదులుగా ఉన్నాయంది, ఇంకో వారం రంగు మరీ ఆకుపచ్చ అంది. తీగల్ని పుచ్చకాయలా తట్టి చూసింది. తీగలు కట్టే వస్తుందా, విడిగా కట్టించాలా, వాడినది దొరికితే చట్రంలో పగులుందా అని గుచ్చి గుచ్చి అడిగింది. నెల తిరిగేసరికి మజీద్ ఆవిడ గుమ్మంలో కనబడితే చాలు, "మీ చెయ్యి ముద్దు పెట్టుకుంటాను ఖానుం, ఏదో ఒకటి తీసుకోండి!" అనేవాడు.

"ఆ మాట ఇంకోసారి అన్నావంటే నీ కొట్టు గడప తొక్కను" అనేది. వాడికి మాత్రం అంత అదృష్టం ఎక్కడిది?

ఈలోగా ఆవిడకి రాకెట్ల గురించి తెలియనిదంటూ లేకుండా పోయింది. ఓ సోమవారం బెంచీ మీద నుంచే, "మొనీర్, నీ మోచెయ్యి నొప్పికి కారణం వయసు కాదు, ఆ ఇనప గద లాంటి రాకెట్టే. అవతల పారెయ్" అంది. మర్నాడే వెంటబెట్టుకెళ్లి మజీద్‌తో పోట్లాడి మంచి రాకెట్ ఒకటి సగం ధరకి ఇప్పించింది. మొనీర్ నొప్పి నిజంగానే తగ్గింది. ఆ తర్వాత మిగతా ఇద్దరూ వెంటపడ్డారు, వాళ్లకీ ఇప్పించింది. వేరే వేళల్లో ఆడేవాళ్లు కూడా ఫోన్లు చేసి సలహా అడిగేవాళ్లు. హాలు మొత్తంలో రాకెట్ లేనిది ఆవిడొక్కతే.

మొనీర్‌కి ఒళ్లు మండింది. "ఎన్నాళ్లు నీ చోటు ఖాళీగా ఉంచను తూబా? ముగ్గురం రొప్పుతూ చస్తున్నాం. నలుగురు లేకపోతే ఈ వేళ ఇంకో జట్టుకిచ్చేస్తామని హాలువాళ్లు గోల పెడుతున్నారు. వచ్చే సోమవారం నువ్వన్నా ఆటకి దిగాలి, ఇంకెవరినన్నా నేను తేవాలి."

తూబా ఖానుంకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బెంచీ మీద దోసకాయలు చెక్కుతూ తెల్లారిపోయే బతుకు కళ్ల ముందు కనిపించింది. ఆ చోటు పోతే మళ్లీ ఎవరు పిలుస్తారు? కొనడానికి పిలుస్తారు, ఆడడానికి ఎవరు పిలుస్తారు? పొద్దున్నే లేచి మజీద్ కొట్టుకి పోయింది. అదృష్టం చూడండి, ఎవరో డాక్టరమ్మ రెండుసార్లు ఆడి వదిలేసిన రాకెట్ అప్పుడే వచ్చింది. ముదురు నీలం, తల పెద్దది, చేతిలో ఉందో లేదో అన్నంత హాయి, వేలు దూరే సందు సరిగ్గా ఉంది. ఆవిడ బేరమాడింది, లేచింది, బజారు చివరికి వెళ్లింది. ఈసారి మజీద్ తనే పరిగెత్తుకొచ్చాడు.

"మీరు చెప్పిన ధరకే ఖానుం! కాకపోతే మళ్లీ రానని మాటివ్వండి."

ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి, కుర్చీకి తగలకుండా గాల్లో నాలుగు దెబ్బలు కొట్టింది. ఇంత వయసొచ్చి సిగ్గులేకుండా నవ్వుకుంది కూడా. ఇన్నేళ్లలో తనకోసం తాను కొనుక్కున్న మంచి వస్తువు అదొక్కటే.

సోమవారం హాలుకి అందరికంటే ముందు వెళ్లింది. మొనీర్ వెనకాలే ఎవరో కొత్తమ్మాయి వచ్చింది. గెలారె అట, భర్త బ్యాంకు ఉద్యోగి, కిర్మాన్ నుంచి ఈమధ్యే వచ్చారట.

"నువ్వు ఆటకి దిగుతావో లేదో అని, లెక్కకి నలుగురు కనబడాలని ఈ అమ్మాయిని తెచ్చా" అంది మొనీర్ చెవిలో. "రాకెట్ కూడా లేదు పాపం. నువ్వు వచ్చావుగా, ఇవాళ్టికి చూస్తూ కూర్చుంటుంది."

గెలారె కళ్లు నీలం రాకెట్ మీద పడ్డాయి. "అబ్బ, ఎంత బావుందండీ!" అంది.

మా దగ్గర వస్తువుని మెచ్చుకుంటే ఏమనాలో పసిపిల్లకి కూడా తెలుసు.

"మీకే కానుక, తీసుకోండి" అంది తూబా ఖానుం.

"అయ్యో, మీ చేతిలోనే అందం."

"మీకంటే ఎక్కువా? తీసుకోండి."

"వద్దండీ, నిజంగా వద్దు."

"నా ప్రాణం మీదొట్టు."

"నాకు సిగ్గుగా ఉంది ఖానుం, మీరే ఉంచుకోండి."

అక్కడ ఆగాలి. మూడుసార్లు కాదన్నాక ఇచ్చేవాళ్లు ఓ నిట్టూర్పు విడిచి, వస్తువుని చంకలో పెట్టుకోవాలి. ఇద్దరి మర్యాదా దక్కుతుంది, ఎవరి సొత్తు వాళ్ల దగ్గరుంటుంది. తూబా ఖానుంకి తెలియని సంగతా? కానీ ఎదుటివాళ్లు కాదన్నకొద్దీ ఇంకో మెట్టెక్కి వాదించడమే ఆవిడ నోటికి జన్మలో అబ్బిన విద్య. బజార్లో ఆ నోరు ఎప్పుడూ ఆగలేదు, ఇక్కడా ఆగలేదు.

"ఏం, మా షీరాజ్‌వాళ్ల చేతి వస్తువు కిర్మాన్‌వాళ్లకి ఆనదా? చెయ్యి ఇటివ్వండి. పట్టుకోండి. వేలు పెట్టండి సందులో. చూశారా, మీకోసమే చేసినట్టుంది! తల పెద్దది, కొత్తగా ఆడేవాళ్లకి ఇంతకంటే మంచిది బజారంతా గాలించినా దొరకదు. గ్రాఫైటు, చెయ్యి అదరదు. కాదన్నారంటే ఈ గడపలోనే నా పరువు తీసినట్టు!"

ఏ కొట్టువాడూ తన సరుకుని అంత బాగా అమ్మి ఉండడు. గెలారె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఊరుగాని ఊళ్లో ఇంత ఆదరణా అనుకుందేమో, వంగి ఆవిడ బుగ్గ ముద్దు పెట్టుకుని, రాకెట్ గుండెకి హత్తుకుని కోర్టులోకి పోయింది. తూబా ఖానుం గెలిచింది. ఎప్పటిలాగే.

మొనీర్ నోరు తెరుచుకుని చూసింది. ఆ తర్వాత చేసేదేముంది, నలుగురయ్యారు కదా, ఆట మొదలుపెట్టారు.

తూబా ఖానుం బెంచీ మీద కూర్చుంది. చేతులు వాటంతటవే దోసకాయ అందుకున్నాయి. గెలారె చక్కగానే ఆడుతోంది, నీలం రాకెట్ నడిమధ్య బంతి తగిలినప్పుడల్లా ఈవిడ కత్తి దోసకాయ మీద ఆగిపోతోంది. ఓసారి మొనీర్ చెమట తుడుచుకుంటూ వచ్చి, "నాది తీసుకుని నువ్వు కాసేపు ఆడరాదూ?" అంది.

"వద్దులే, నువ్వు ఆడు" అంది తూబా ఖానుం, రెండోసారి అడుగుతుందని చూస్తూ.

మొనీర్ రెండోసారి అడగలేదు. నీళ్లు తాగి పోయింది.

ఏడుపొచ్చింది ఆవిడకి. మొనీర్ మీద కాదు, గెలారె మీద కాదు, తన నోటి మీద. ఊరందరి కోసం వాదించిన నోరు, తనకి కావాల్సింది ఒక్కసారి కూడా అడగలేదు. ఆ చోటు ఇక గెలారెది, ఈ బెంచీ తనది. వచ్చే సోమవారమూ ఇంతే, ఆపై సోమవారమూ ఇంతే.

ఆట ఆగింది. గెలారె బుగ్గలు ఎర్రబడి, నేరుగా ఆవిడ దగ్గరికే వచ్చింది. "ఖానుం, ఈ రుణం ఎలా తీర్చుకోను? ఏం చెయ్యమన్నా చేస్తాను, చెప్పండి."

అదీ ఊరికే అనే మాటే. దానికి జవాబు కూడా అందరికీ తెలుసు: మీ క్షేమమే నాకు చాలు అనాలి.

"తిరిగిచ్చెయ్ అమ్మా" అంది తూబా ఖానుం.

ఒకావిడ దోసకాయ ముక్క సగం కొరికి అలాగే ఉండిపోయింది. ఇచ్చిన కానుక వెనక్కి అడిగిన మనిషిని షీరాజ్‌లో ఎవరూ చూడలేదు, విననూ లేదు. గెలారె మొహం ఎర్రదనం పోయి తెల్లబడింది. రాకెట్‌ని రెండు చేతులతో పట్టి అందించింది.

"నీకు ఇంకోటి నేనే వెతికిపెడతా, కానీ ఇది నాది. నేను ఆడడానికి కొనుక్కున్నా" అంది తూబా ఖానుం.

మొనీర్ దగ్గరికొచ్చి పళ్ల మధ్య నుంచి గొణిగింది. "నీకేమన్నా మతి పోయిందా తూబా? తల ఎత్తుకోగలమా రేపు? ఊరంతా ఏమనుకుంటుంది?"

తూబా ఖానుం కత్తి బెంచీ మీద పెట్టి, ఉప్పు చేతులు దులుపుకుని, రాకెట్ తీసుకుని, నెట్‌కి అవతలివైపు నాలుగో చోట్లోకి వెళ్లి నిలబడింది.

"అనుకోనీ. బంతి ఇటు కొట్టు."