పల్లంలో పోయే విమానం

మా మావయ్య మాట నమ్మితే ఈ భూమ్మీద ఏ ఊరూ ఏ ఊరికీ దూరం కాదు. విమానం టికెట్లు అమ్మే ఆఫీసులో ఏళ్ల తరబడి కూర్చున్నా, ఆయనకు వచ్చిన లెక్క ఒక్కటే: దిగే ఊరి గడియారంలోంచి ఎక్కే ఊరి గడియారాన్ని తీసెయ్యడం. ఊరికో టైము ఉంటుందన్న సంగతి ఆయన చెవిన పడినట్టే లేదు.

"పొద్దున తొమ్మిదికి ఎక్కుతారు, మధ్యాహ్నం పన్నెండుకి దిగుతారు. మూడు గంటలు!"

"అయ్యా, అది పదకొండు వేల కిలోమీటర్లు," అన్నారొక లెక్కల మాస్టారు.

"మ్యాపులో జానెడేనండీ," అని మావయ్య జాన పెట్టి చూపించాడు.

"మరి వచ్చేటప్పుడు మీ లెక్కన ఇరవైమూడు గంటలవుతోందేం?"

"పోయేటప్పుడు పల్లం, వచ్చేటప్పుడు మెరక. అయినా ఇంటికొచ్చే దారిని ఎవరు లెక్కపెడతారండీ?"

మాస్టారు తల పట్టుకున్నారు. టికెట్ మాత్రం కొనుక్కున్నారు.

మేమంతా ఆయన్ని మూడు గంటల మావయ్య అనేవాళ్లం. బస్సు ఆలస్యమైతే "మెరక కాబోలు" అనేవాళ్లం. ఆయనా మాతో కలిసి నవ్వేవాడు.

ఇంతలో ఆ జానెడు దూరంలో ఉన్న మా పిన్నికి గుండె ఆపరేషన్ అన్నారు. "పెద్దక్క పక్కనుంటేనే చేయించుకుంటా" అని ఆవిడ భీష్మించుకు కూర్చుంది. పెద్దక్కంటే మా పెద్దమ్మ. లిఫ్టు ఎక్కాలంటేనే ఆవిడకు కాళ్లు వణుకుతాయి. డాక్టర్లేమో ఆలస్యం చెయ్యొద్దంటున్నారు.

"ఎంతసేపురా?" అంది పెద్దమ్మ.

"మూడు గంటలక్కా. నువ్వు బీరువా సర్దినంతసేపు కూడా పట్టదు. నేనూ వస్తాగా!"

ముగ్గురం బయల్దేరాం. విమానం లేచాక మావయ్య చెవిలో అడిగాను, "నిజంగా మూడు గంటలేనా?"

"పదమూడు. గట్టిగా అనకు."

"మరి పెద్దమ్మకి మూడని ఎందుకు చెప్పడం?" అన్నాను.

"పదమూడంటే మీ పెద్దమ్మ చెప్పులు కూడా వదిలేసి పారిపోదూ? నా దగ్గరికొచ్చేవాళ్లలో సగం మంది భయపడుతూనే వస్తారు. పాపం, వెళ్లక తప్పదు. ఎక్కించడం వరకే నా పూచీ. ఎక్కాక ఎలాగూ దిగలేరు."

నాకు ఆయన మీద ముద్దొచ్చింది, ఇన్నేళ్లూ ఆయన్ని చూసి నవ్వినందుకు సిగ్గూ వేసింది.

పెద్దమ్మ కునుకు తీసినప్పుడల్లా మావయ్య చెమట పట్టిన వేళ్లతో ఆవిడ చేతి గడియారాన్ని ఓ గంట వెనక్కి తిప్పేవాడు. దొరికిపోతానని భయం కాబోలు అనుకున్నాను. దిగేసరికి గడియారం సరిగ్గా పన్నెండు చూపించింది.

పిన్ని అక్క చెయ్యి పట్టుకుని ఆపరేషన్‌కి ఒప్పుకుంది. అంతా బాగా జరిగిందని డాక్టరు చెప్పగానే మావయ్య కుర్చీలోనే గురక మొదలుపెట్టాడు.

"మూడు గంటలూ ఇట్టే గడిచిపోయాయి కదా పెద్దమ్మా?" అన్నాను అమాయకంగా.

"చాల్లేవే. మూడు గంటల్లో మూడుసార్లు తిండి ఎవడు పెడతాడే?"

"తెలిసీ ఊరుకున్నావా!"

"విమానమంటే వాడికి నాకంటే భయం. ఒక్కసారైనా ఎక్కాడా ఇన్నేళ్లలో? నా కోసం ఎక్కాడు, పిచ్చి సన్నాసి. ఆ ముల్లు తిప్పుతున్నంతసేపే వాడి ఒణుకు ఆగింది. అందుకని పదిసార్లు నిద్రపోయినట్టు నటించాను. ఒక్క కునుకు పట్టిందంటే ఒట్టు!"