కవరులో పెట్టిన నా మొదటి ఓటు

నేను పుట్టింది రంగూనులో. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి అక్కడికి పోయారు. సైనికులు దేశాన్ని చేతిలోకి తీసుకున్నాక, నాకు పదేళ్లప్పుడు, ఒక ట్రంకుపెట్టెతో ఇటు వచ్చేశాం. ఇది నేను దత్తు వచ్చిన దేశం. పెళ్లయి జమ్మలమడుగులో కాపురం పెట్టాను. మా ఆయన బళ్లో అయ్యవారు. పాపకు నాలుగో నెల నడుస్తుండగా ఎన్నికలొచ్చాయి.

ఆ రోజులన్నీ నిద్రకూ మెలకువకూ మధ్య ఎక్కడో జరిగినట్టు గుర్తు. పాలు, గుడ్డలు, సంగటి, మళ్లీ పాలు. మధ్యాహ్నం నల్లబండల నడవలో పాప పక్కన ఒరిగితే, ఒళ్లు చల్లబడి, వీధి శబ్దాలు నీళ్లలోంచి వస్తున్నట్టు వినబడేవి. మైకు కట్టిన రిక్షా వస్తే పాప కళ్లు మూసేది. అది సందు దాటిపోగానే తెరిచేది. రెండో పార్టీ జెండా రిక్షా రాగానే మళ్లీ మూసేది.

ప్రభుత్వం దొంగదని పట్టపగలు మైకులో అరిచిన మనిషి, సాయంత్రం బజారులో బజ్జీలు తింటూ కనబడేవాడు. నాకు నమ్మబుద్ధయ్యేది కాదు. రంగూనులో మా నాన్న అలాంటి మాట తలుపులు వేసుకుని కూడా అనలేదు. అందుకే పాపను ఒళ్లో వేసుకుని, పేపరు చివరి అక్షరం దాకా చదివేదాన్ని.

"ఏందే, బిడ్డ ఏడుస్తాంటే పేపర్లో ఏం జూస్తాండావు?" అనేది అత్త.

"మన ఊళ్లో ఏ పార్టీ గెలుస్తుందంటారు అత్తమ్మా?"

"పార్టీ అంటే జెండా అనుకుంటాండావా? ఈడ పార్టీ అంటే మనుషులు. వాళ్ల మనుషులు, వీళ్ల మనుషులు. ఆ మాటలు వాకిట్లో మాట్లాడాకు."

ఆమె తమ్ముడు సొంత పల్లె వదిలి మైదుకూరులో కొట్టు పెట్టుకున్నది ఆ పార్టీల కక్షల వల్లేనని తర్వాత తెలిసింది.

మా ఆయనకు ఎన్నికల డ్యూటీ పడింది. ప్రొద్దుటూరులో ట్రైనింగుకు పోయి, నిబంధనల పుస్తకం తెచ్చుకున్నాడు. లాలిపాటలు రావు కాబట్టి ఉయ్యాల ఊపుతూ అదే పైకి చదివేవాడు. ఒకరి ఓటు ఇంకొకరు ముందే వేసేస్తే, అసలు మనిషి అడిగినప్పుడు వేరే కాగితం ఇవ్వాలట. దాన్ని పెట్టెలో వేయరు, కవరులో పెడతారు. టెండరు ఓటు అంటారు. ఆ గొంతు వింటూ పాప కంటే ముందు నేనే నిద్రపోయేదాన్ని.

ఆయనకు పులివెందుల అవతల ఒక పల్లె వచ్చింది. బయల్దేరేటప్పుడు అత్త జొన్నరొట్టెలు మూటగట్టి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. "ఓట్ల పెట్టె ఎత్తుకపోతామంటే ఎత్తుకపోనీ నాయనా. అడ్డం పోవాకు," అంది.

పోలింగు రోజు పొద్దున్నే పాపను భుజాన వేసుకుని, అత్తతో కలిసి వీధి చివరి బడికి పోయాను. గుమాస్తా నా పేరు వెతికి, వేలు అక్కడే ఆపాడు.

"నీ ఓటు పడిపోయిందమ్మా. ఇంటికి పో."

బెంచీ మీది పార్టీల ఏజెంట్లు గోడకేసి చూస్తున్నారు. పాప నా జుట్టు గుప్పిట పట్టుకుని లాగింది.

"నేను ఇప్పుడేగా వచ్చాను. నాకు టెండరు ఓటు ఇవ్వండి," అన్నాను.

పెద్ద ఆఫీసరు తల ఎత్తాడు. "నీకెవరు చెప్పినారమ్మా?"

"మా ఆయన బిడ్డను ఊపుతూ చదివారండీ."

ఒక ఏజెంటు నవ్వాడు. "బిడ్డతల్లివి, ఎందుకమ్మా ఈ తిప్పలు? అది లెక్కలోకే రాదు."

అత్త అతనివైపు తిరిగింది. "మా కోడలి ఓటు మా కోడలు ఏస్తాది. నీకేందప్పా నొప్పి?"

ఆఫీసరు ప్రశ్నలడిగాడు, సంతకం తీసుకున్నాడు, చివరికి కాగితం చేతికిచ్చాడు. తెర వెనక్కి వెళ్లాను. బయట గోల దూరమైంది. పాప ఊపిరి మెడకు వెచ్చగా తగులుతోంది. ముద్ర వేయడానికి ఒక్క క్షణం చాలు, నేను మాత్రం కాసేపు అక్కడే నిలబడిపోయాను. మడిచి ఇస్తే, ఆఫీసరు దాన్ని కవరులో పెట్టి అంటించాడు.

మా ఆయన మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. ఆ పల్లె బయట రెండు బాంబులు పేలాయట. పెట్టెను ఒళ్లో పెట్టుకుని బల్ల కింద కూర్చున్నాడట. అంతే చెప్పి, పాపను గుండెల మీద వేసుకుని నిద్రపోయాడు. లేచాక నా కవరు సంగతి చెప్పాను.

"కోర్టు అడిగితే తప్ప దాన్నెవరూ విప్పరే," అన్నాడు జాలిగా.

"తెలుసు," అన్నాను. అయినా నాకు సంతోషంగానే ఉంది.

లెక్కింపు రోజు రేడియో గూట్లో మోగుతోంది. అత్త కాళ్లు చాపుకుని, వాటి మీద పాపను పడుకోబెట్టి నీళ్లు పోస్తోంది. ఉన్నట్టుండి బజారులో ఢమఢమమని పేలుళ్లు. నేను తలుపు గడియ పెట్టాను. అత్త తడి పాపను కొంగులో చుట్టి మూలకు జరిగింది. ఆయన కిటికీ సందులోంచి చూసి, "టపాకాయలమ్మా. గెలిచినోళ్లు కాలుస్తాండారు," అన్నాడు.

అత్త కాసేపు నమ్మలేదు. తర్వాత మళ్లీ కాళ్లు చాపి, మిగిలిన వేణ్ణీళ్లు పోయమంది.