ఇతర కారణాలు

బహ్రెయిన్ నుంచి తిరిగొచ్చాక కరీంనగర్‌లో ఒక చిన్న కంపెనీలో నాకు పని దొరికింది. కాలేజీలకు సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ అది. అడ్మిషన్లు, హాజరు, పరీక్షలు, టీసీలు, అన్నీ ఒకేచోట కంప్యూటర్లో దొరికేట్టు చేసేవాళ్లు. పాత రిజిస్టర్లలో ఉన్నదంతా అందులోకి ఎక్కించడం నా పని. మొట్టమొదట నన్ను జగిత్యాలకు, నేను డిగ్రీ చదువుతూ మధ్యలో వదిలేసిన కాలేజీకే పంపారు. ఆ సంగతి కంపెనీలో ఎవరికీ చెప్పలేదు.

రికార్డు గదిలో ఒక పెద్దాయన ఉండేవారు. నేను చదివిన రోజుల్లోనూ ఆ గది ఆయనదే. ఇప్పుడు రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నారు. పన్నెండేళ్లు పరాయి దేశపు ఎండలో పనిచేసి వచ్చినవాణ్ణి, తల మీద జుట్టు కూడా పోయింది. ఆయన నన్ను గుర్తుపట్టలేదనుకున్నాను. గుర్తుపట్టకపోతేనే మంచిదనీ అనుకున్నాను.

ఆయన చదువుతుంటే నేను టైపు చేసేవాణ్ణి. పేరు, తండ్రి పేరు, ఊరు, చేరిన రోజు, పోయిన రోజు. చివర పోవడానికి కారణం. అక్కడ కంప్యూటర్ నాలుగే చూపించేది: కోర్సు పూర్తి, బదిలీ, వివాహం, ఇతర. మధ్యలో మానేసినవాళ్ల పేర్ల మీద రిజిస్టర్లో ఎర్రసిరా గీత ఉండేది. ఆ గీత పక్కన, అంచులో, సన్నటి పెన్సిల్ రాత. అది ఎవరూ రాయమనకుండా ఆయన సొంతంగా రాసుకున్నది.

"సిరిసిల్ల పిల్లగాడు. మగ్గాలు బందైనయి. తండ్రెంబడి భివండి మగ్గాలకు పోయిండు."

నేను 'ఇతర' నొక్కేవాణ్ణి.

"కోరుట్ల అమ్మాయి. తల్లికి పానం బాగలేదు. ఇంటికాడ బీడీలు చేస్తున్నది."

మళ్లీ 'ఇతర'.

"మస్కట్. ఇగో వీడు దుబాయి. వీని తమ్ముడు గూడ దుబాయే."

రెండో రోజు ఆయన కళ్లద్దాలు సర్దుకుని స్క్రీన్ మీదికి వంగారు.

"అందరికి ఒక్కటే కొడుతున్నవేంది తమ్మీ?"

"గల్ఫ్, భివండి అసొంటియి ఇందుల లెవ్వు సార్."

"లేకుంటే పెట్టు."

"అది నా చేతుల లేదు సార్."

"ఎవ్వల చేతుల ఉన్నదో గాళ్లకు ఫోన్ చెయ్."

హైదరాబాద్‌లో ప్రోగ్రాం రాసే అమ్మాయికి ఫోన్ చేశాను. "రిపోర్టుల్లో అదెవరూ అడగరు కదా అన్నా, ఇతర అంటే సరిపోదా?" అంది. సరిపోదని అనిపించింది కానీ ఎందుకో చెప్పడం చేతకాలేదు. ఆయన రాసుకున్న నాలుగైదు లైన్లు ఫోన్లోనే చదివి వినిపించాను. ఆమె అన్నీ విని, చూస్తానంది.

మూడో రోజు మా సంవత్సరం రిజిస్టర్ తెరుచుకుంది. ఆయన అదే గొంతుతో నా పేరు చదివారు. బాపు పేరు చదివారు. గొల్లపల్లి పక్కన మా ఊరి పేరు చదివారు. తర్వాత పెన్సిల్ రాత.

"రెండుసార్లు ఇంటికి పోయిన. కలువలే. నెల దాక పేరు కొట్టెయ్యద్దు."

ఆ ఏడు మా బావీ, రెండు బోర్లూ ఎండిపోయాయి. నాకు వీసా వచ్చి ఉంది. ఆయన రెండోసారి వచ్చినప్పుడు గడ్డివాము వెనక నక్కి కూర్చున్నాను. బస్సు దిగి అంతదూరం నడిచిన మనిషి చెప్పులనిండా దుమ్ము. అమ్మ గడపలో నిలబడి ఆయనతో మాట్లాడుతోంది. మాటలు మాత్రం వినపడలేదు.

"అది నేనే సార్," అన్నాను.

"ఎరుకే. నువ్వు అచ్చిన్నాడే గుర్తువట్టిన. నువ్వే చెప్తవని ఊకున్న."

"గప్పుడు నేను గడ్డివాము ఎనుక ఉన్న సార్."

"గది గూడ ఎరుకే. నీ కాళ్లు కనవడ్డయి."

"మరి పిలువకపోతిరి?"

ఆయన రిజిస్టర్ మీద చెయ్యి పెట్టారు. "సిగ్గువడుతవని పిలువలే. మీ అవ్వకు చెప్పిన గద, నెల దాక పేరుంచుత, ఎప్పుడన్న రమ్మను, పరీక్ష సంగతి నేను చూసుకుంట అని. నువ్వే రాకపోతివి."

ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రం నేరుగా ఊరికి పోయాను. అమ్మ చేటలో పెసలు చెరుగుతోంది. చెప్పులు విప్పకుండానే అడిగాను.

"కాలేజీ సారు నెల దాక ఆగుత అన్నడట. నాకెందుకు చెప్పలే అవ్వా?"

చేట ఆగింది. ఆమె నా ముఖం చూడలేదు.

"చెప్తే నువ్వు పోకుంటుంటివి."

"పోకుంటే ఏమైతుండె?"

"మీ బాపు రోజూ ఎండిన బాయి కాడికి పోయి ఊకె కూసుంటుండె. పిలిచినా పలుకకపోతుండె. నాకు భయమైంది కొడుకా. నువ్వు పోతే ఆయన దక్కుతడనుకున్న. నువ్వైతే ఏడికి పోయినా బతుకుతవనుకున్న."

బాపు దక్కాడు. నేను తిరిగొచ్చేదాకా ఉన్నాడు, నా చేతి అన్నం తినే పోయాడు. అమ్మ చేసింది తప్పనడానికి నాకు నోరు రాలేదు. ఒప్పు అనడానికీ రాలేదు. కాళ్లు కడుక్కుని వచ్చి ఆమె పక్కన కూర్చుంటే, మళ్లీ చేట అందుకుంటూ అడిగింది.

"సారు మంచిగున్నడా?"

"ఉన్నడు."

"గంత దూరం నడిసచ్చిండు. నేను చాయ్ గూడ పొయ్యకపోతిని."

వారం తర్వాత హైదరాబాద్ అమ్మాయి 'ఇతర' పక్కన రాసుకోవడానికి ఒక ఖాళీ గడి పెట్టింది. అప్పటికే ఎక్కించిన వాటినన్నిటినీ మళ్లీ తెరిచాం. ఆయన మళ్లీ మొదటినుంచి చదివారు, నేను ఒక్క అక్షరం వదలకుండా కొట్టాను. పని ఆలస్యమైందని కంపెనీలో చివాట్లు తిన్నాను. నా పేరు వచ్చినప్పుడు ఆయన చదవడం ఆపి, ఏం రాస్తావో నువ్వే రాయమన్నారు. బహ్రెయిన్ అని రాశాను. ఇంకేదో రాయాలనిపించింది కానీ ఆ గడిలో పట్టేది కాదు.

తర్వాతి నెల నన్ను కోరుట్లలో ఇంకో కాలేజీకి పంపారు. అక్కడి రిజిస్టర్లలోనూ ఎర్రగీతలు చాలా ఉన్నాయి. అంచుల్లో మాత్రం ఏమీ లేదు. ఎవరు ఎందుకు పోయారని అక్కడి క్లర్కును అడిగాను. ఆయన రెండు మూడు పేర్లు వేలితో తడుముతూ చూశారు.

"గిప్పుడెవ్వలకు ఎరుక సార్," అన్నారు.

ఆ గడులు ఖాళీగానే ఉంచి సేవ్ చేశాను.