చీటీ కింద రాతిగోడ

1984. న్యూజెర్సీలో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పేపర్ కన్సర్వేటర్‌గా, అంటే పాత కాగితాలకు వైద్యురాలిగా పనిచేస్తున్నాను. ఆఫ్రికా ఖండం దక్షిణ భాగంలో ఎడ్లబండి మీద తిరిగిన ఒక తొలితరం అన్వేషకుడి వ్రాతప్రతి నా బల్ల మీదికి వచ్చింది. జలపాతాలు, బల్లపరుపు కొండలు, సున్నం లేకుండా పేర్చిన మహా రాతిగోడ. బొమ్మలన్నీ అతనే వేశాడు.

గోడ బొమ్మ కింద అచ్చక్షరాల్లా రాసిన చీటీ ఒకటి అంటించి ఉంది: ‘ఉత్తరాది నుంచి వచ్చిన ఏదో నాగరిక జాతి కట్టడం.’ ప్రదర్శన బాధ్యురాలు హెలెన్ లేబుల్ మీద అదే వేయించబోతోంది. తన క్లాసును ప్రదర్శనకు తీసుకురాబోతున్న టెండాయ్ ఆ లేబుల్ ముసాయిదా చదివింది. ఆమెది ఆ గోడ ఉన్న జింబాబ్వే, ఇప్పుడు మా విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్లోనే చరిత్ర టీచరు.

“తవ్వి చూసినవాళ్లు ఇది మావాళ్ల పనేనని ఎప్పుడో తేల్చారు. నా క్లాసు పిల్లలతో, మా తాతలకు గోడ కట్టడం రాదని చదివించమంటారా?”

అన్వేషకుడి మాటను మార్చే హక్కు తనకు లేదంది హెలెన్.

నాకు తెలుగునాట మా వైపు రాక్షస గుళ్లు గుర్తొచ్చాయి. ఆ పాతకాలపు రాతి సమాధులను రాక్షసులు కట్టారంటారు, పాండవులు కట్టారంటారు. మనుషులు కట్టారనడానికి మాత్రం నోరు రాదు.

ఆ చీటీ పీకి పారేయాలనిపించింది. కానీ మనం కోరుకున్న జవాబునే ముందు అనుమానించాలని చర్చాసభల్లో నేర్చుకున్నదాన్ని. కుట్లు విప్పిన ఆ పుటను లైట్ టేబుల్ మీద, అంటే కింద దీపాలున్న గాజుబల్ల మీద, బోర్లా పెట్టి, తిరగబడ్డ అక్షరాలు సరిగా కనిపించేలా అద్దంలో చూశాను. చీటీ కింద ఇంకో రాత ఉంది. హెలెన్‌ని పిలిచి అద్దం చేతికిచ్చాను. ‘తాతలు’ అన్న ఒక్క మాట ఆమెకూ చిక్కింది.

“చీటీతో పాటు సిరా కూడా ఊడొస్తే?” అని అడిగింది.

“నా ఉద్యోగం ఊడుతుంది. ముందు ఫొటోలు తీయించి, అనుమతి రాసివ్వండి.”

పోల్టిస్ వేశాను. పాత జిగురును నెమ్మదిగా మెత్తబరిచే చిక్కటి తడి పూత అది. రెండు రోజులు పట్టింది. సిరా చెదరలేదు. కింద అన్వేషకుడి చేతిరాతే: ‘నన్ను తీసుకొచ్చిన ముసలాయన ఇది తన తాతల పని అన్నాడు. రాయి ఏ కొండదో చూపించాడు.’

లేబుల్ మారింది. చీటీని దాచలేదు, బొమ్మ పక్కనే పెట్టించాను. ఎవరు అంటించారో తెలియదు కాబట్టి తెలియదనే రాశాం.

టెండాయ్ పిల్లలతో వచ్చింది. కొత్త లేబుల్ రెండుసార్లు చదివి, “ఆ ముసలాయన పేరేమిటి?” అని అడిగింది.

వ్రాతప్రతి మొదటి పుట నుంచి చివరి దాకా వెతికాను. బండి లాగిన ప్రతి ఎద్దు పేరూ ఉంది. ఆయన పేరు లేదు. ఏ పోల్టిస్ వేసినా అది బయటికి రాదు. సత్యాన్ని కప్పినదాన్ని తొలగిస్తే పని అయిపోయిందనుకునేదాన్ని. అసలు రాయకుండా వదిలేసినదాన్ని కూడా ఎత్తి చూపాలని ఆమె ప్రశ్నే నేర్పింది. ఆ సాయంత్రమే హెలెన్, నేను లేబుల్‌కి ఒక వాక్యం చేర్చాం: ‘దారి చూపిన మనిషి పేరును రచయిత రాయలేదు, ఎడ్ల పేర్లు రాశాడు.’