పెళ్ళిచూపుల్లో వన్స్‌మోర్

శ్రీరస్తు. వాక్కుకు అధిదేవత అయిన తల్లికి మొదటి నమస్కారం. భుజబలానికి అధిదేవత ఎవరో, వారికి రెండవది. ఒక్క కథకు ఈ రెండు నమస్కారాలూ ఎందుకు కావలసివచ్చాయో చదువరులే గ్రహింతురుగాక. ఏలూరు, ఆశ్వయుజ శుద్ధ పంచమి, సాయంవేళ.

ఆ రోజుల్లో, అంటే కేబుల్ తీగ వీధి స్తంభాల మీదుగా ఇంటింటికీ పాకిన కాలంలో, అమెరికా కుస్తీల పిచ్చి మా ప్రాంతాన్ని ముంచెత్తింది. కొల్లేటికి వరద వస్తే మెరక చూసుకొని నిలబడవచ్చు. ఈ వరదకు మెరకంటూ లేకపోయింది. బడిపిల్లలు మునిగారు, వారిని దండించవలసిన ఉపాధ్యాయులు మునిగారు, చివరకు ప్రాచ్య కళాశాలలో అలంకారశాస్త్రం చదువుకొని, ఉద్యోగ ప్రకటనల కోసం యౌవనంలో సగం వెచ్చించి, ముప్పై దాటిన తరువాత తెలుగు పండితుడినైన నేనూ మునిగాను. నెలకొకసారి ఒక మహాప్రదర్శన జరిగేది. అక్కడివారు దానిని చూడడానికి వేరే రుసుము కట్టుకోవాలట; మనకు మాత్రం మామూలు కేబుల్ చందాలోనే ప్రాప్తించేది. అక్కడ ఆదివారం రాత్రి అయితే ఇక్కడ సోమవారం వేకువ. నా సంధ్యావందనమూ వారి మొదటి కుస్తీ ఒకే వేళకు వచ్చేవి. (ఏది త్వరగా ముగించేవాడినో అడగవద్దని మనవి.)

నేను అద్దెకున్నది ఏలూరులో ఒక దర్జీగారి మేడమీది గదిలో. ఊరంతా ఆయనను భాయిగారు అనేవారు, నేనూ అలాగే అనేవాడిని. టీవీ మాత్రం క్రింది అంతస్తులో, వారి ముందుగదిలో, కుట్టుమిషను పక్కన ఉండేది. మేమిద్దరం మల్లయోధులకు ఇంగ్లీషు పేర్లు తీసివేసి మా సొంత పేర్లు పెట్టుకున్నాం. ధర్మంగా పోరాడే ఛాంపియన్ 'ఎర్రగడ్డం'. అతని విజయచిహ్నమైన బెల్టు మీద కన్నువేసి, మైకు పుచ్చుకొని గంటలకొద్దీ పరనింద చేసేవాడు 'తళుకుల కోటు'. భాయిగారిది ఎర్రగడ్డం పక్షం. నాకు తళుకుల కోటు అంటే ప్రాణం. ఎందుకంటే నా దృష్టిలో ఆ ప్రదర్శన సాంతం ఒక దృశ్యకావ్యం, ప్రతినాయకుడు గట్టివాడైతేనే గదా నాయకుడి వీరం ప్రకాశించేది!

"అది కాదు మాస్టారూ, ఆ కోటు కుట్టు చూడండి," అనేవారు భాయిగారు, కళ్ళజోడు నుదుటికి ఎత్తి. "చంక దగ్గర బిగువు. ఆ కోటుతో చెయ్యెత్తలేడు. అందుకే అది వేసుకున్నంతసేపూ మాట్లాడతాడు, విప్పాకే కొడతాడు. కావాలంటే చూస్కోండి."

ఇలా ఆయన విమర్శ కుట్టు మీదుగా, నా విమర్శ రసం మీదుగా సాగుతూ ఉండగా, తారణ నామ సంవత్సరంలో అధిక శ్రావణం గడిచి నిజ శ్రావణం వచ్చింది. ఆగిపోయిన పెళ్ళిమాటలు మళ్ళీ మొదలయ్యాయి. తాడేపల్లిగూడెంలో ఒక లెక్కల టీచరు. ఆ వేసవిలో ఏలూరులో పదవ తరగతి జవాబుపత్రాలు దిద్దే స్పాట్ వాల్యుయేషనులో ఆమెను చూశాను. టీ విరామంలో ఎవరో ఏదో అంటే ఆమె నవ్వింది. అంతే. ఆ నవ్వు విన్న తరువాత నేను దిద్దిన పత్రాలలో పిల్లలకు మార్కులు కొంచెం ధారాళంగా పడ్డాయని నా అనుమానం. ఆ సంగతి ఎలాగో మా అమ్మ చెవిన వేశాను. అమ్మ మధ్యవర్తుల ద్వారా కబురంపింది. వారు పెళ్ళిచూపులకు రమ్మన్న రోజు సోమవారం. పైగా, ఎర్రగడ్డానికీ తళుకుల కోటుకూ ఛాంపియన్ బెల్టు కోసం పోరు జరిగే సోమవారం!

ఆ ఆపద నుంచి నన్ను రాహుకాలం రక్షించింది. "ఏడున్నర నుంచి తొమ్మిది వరకు గడప దాటడానికి వీల్లేదు," అన్నది ముందురోజే వచ్చి దిగిన అమ్మ. దాటవలసిన అవసరం నాకూ లేదు. వేకువన క్రిందికి దిగి భాయిగారి పక్కన ఆసీనుడినయ్యాను. నాటి ప్రదర్శన మీద నా అభిప్రాయాలు నేటికీ మారలేదు. మొదటి కుస్తీ అనవసరమైన నాంది. ఇద్దరు కుర్రవాళ్ళు తాళ్ళ మీద నుంచి దూకడమే గాని, ఎందుకు దూకుతున్నారో వారికే తెలియదు. జంటల పోరులో హాస్యం పండింది. స్త్రీల పోరును, అదే అన్నింటికంటే చక్కగా నడుస్తుండగా, మధ్యలో త్రుంచివేశారు. అది క్షమింపరాని నేరం. కొండంత మనుషులిద్దరి పోరు గోదావరి రైలువంతెన మీద గూడ్సు బండి పోయినట్టు ఎంతకూ తెమలలేదు. ఇక చివరి పోరు! పొరపాటున దెబ్బ తగిలి రిఫరీ అటు తిరిగి కూలబడడం, సరిగ్గా ఆ క్షణంలో తళుకుల కోటు ఆ బెల్టుతోనే ఎర్రగడ్డం నెత్తిన మోదడం, రిఫరీ తేరుకొని ఏమీ ఎరగనట్టు మూడు లెక్కపెట్టడం! ఏ వస్తువు కోసం పోరో ఆ వస్తువే ఆయుధమైంది. నాటకం ముగించడానికి అంతకంటే నిర్వహణ ఏముంటుంది? నేను చప్పట్లు కొట్టాను. భాయిగారు మొహం తిప్పుకున్నారు.

"మీవాడు గెలిచాడు. సంతోషమే కదండీ," అంటూ కుట్టి ఉంచిన నా కొత్త చొక్కా చేతికిచ్చారు. "కానీండి, ఒక్క మాట. రాత్రి తొందరలో చంక దగ్గర కాస్త బిగువొచ్చింది. ఇవాళ్టికి చెయ్యి పైకెత్తకండి మాస్టారూ."

"పెళ్ళిచూపుల్లో చెయ్యెత్తే పనేముంటుందండీ!" అన్నాను.

రాహుకాలం వెళ్ళగానే రైలెక్కాం. దారి పొడవునా అమ్మ ఒకే పాఠం చెప్పింది. "ఆ ఇంట్లో మామ్మగారి మాటేరా మాట. ఆవిడ కొడుకు, అదే పిల్ల తండ్రి, ఎంత పెద్ద సంస్కృత పండితుడైనా తల్లి ముందర నోరెత్తడుట. ఆవిడ తల అడ్డంగా ఊపితే వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయారుట. అడిగినదానికే చెప్పు. నీ పాండిత్యం అక్కడ విప్పకు."

విప్పకూడదనే వెళ్ళాను. కానీ వారి హాలులో అడుగు పెట్టేసరికి నాకు ఎదురుగా కనిపించినది పిల్ల తండ్రి కాదు, పిల్ల కాదు. టీవీలో నా తళుకుల కోటు! మామ్మగారు పడకకుర్చీలో నిటారుగా కూర్చుని, చేతికర్ర మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకొని, వేకువజామున వచ్చిన ప్రదర్శనే మళ్ళీ వేస్తుంటే చూస్తున్నారు.

"అమ్మా, వచ్చారు. అది కట్టెయ్యకూడదూ?" అన్నారు పండితుడుగారు సిగ్గుపడుతూ.

"పొద్దున్న ఈ వీధిలో కరెంటు లేదు కదురా. ఇప్పుడూ చూడొద్దంటావా? సౌండు తగ్గిస్తాను, బొమ్మ ఉంటుంది. రండమ్మా, కూచోండి. మంచినీళ్ళు తీసుకోండి," అన్నారు ఆవిడ, కన్ను తెర మీద నుంచి తీయకుండానే.

చివరి పోరుకు ముందు చూపే పాత ముక్కల్లో ఎర్రగడ్డం ఎవరినో ఎత్తి కుదేశాడు. మామ్మగారు కర్రతో నేలను తాటించి "వన్స్‌మోర్!" అన్నారు. మరుక్షణమే తెర మీద అదే దెబ్బను నెమ్మదిగా మళ్ళీ చూపించారు. ఆవిడ మా అమ్మవైపు తిరిగి, "చూశారా, అడగ్గానే వేస్తారు. మర్యాద తెలిసినవాళ్ళు," అన్నారు తృప్తిగా. (రీప్లే అనేది తమ కోరిక మీదనే వస్తున్నదని ఆవిడ నిజంగా నమ్మారో, మమ్మల్ని ఆట పట్టించారో నాకు నేటికీ తేలలేదు.)

తరువాత ఆవిడ కన్ను నా మీద పడింది. "నీకు ఈ కుస్తీలు తెలుసా అబ్బాయ్?"

అడిగినదానికే చెప్పమన్నది అమ్మ. అడిగారు గదా! "తెలియకేమండీ!" అని మొదలుపెట్టాను. ఇది మల్లయుద్ధం కాదనీ, దృశ్యకావ్యమనీ, జయాపజయాలు ముందే నిర్ణయమై ఉంటాయనీ, దెబ్బలన్నీ అభినయమేననీ విశదీకరించాను. అక్కడైనా ఆగవలసింది. "ఉదాహరణకు చివరి పోరే తీసుకోండి. రిఫరీ అటు తిరగగానే తళుకుల కోటువాడు బెల్టుతో మోదుతాడు, ఈ ఎర్రగడ్డం పడిపోతాడు. ఎంత చక్కని నిర్వహణ!" అని ముగించాను.

"నేను మొదటినుంచీ చెప్పడం లేదుటే అమ్మా, ఇదంతా ఒట్టి నాటకమని!" అన్నారు పండితుడుగారు ఉత్సాహంగా. ఆయన సమర్థన నా పాలిటి శాపమైంది. మామ్మగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. అమ్మ నా కాలు తొక్కింది. ఫలహారాల పళ్ళెంతో లోపలి గుమ్మంలోకి వచ్చిన అమ్మాయి నన్నూ మామ్మగారినీ మార్చి మార్చి చూసి, నాకు బాగా గుర్తున్న ఆ నవ్వు మొహాన ఉండగానే పళ్ళెంతోపాటు దానినీ లోపలికి తీసుకుపోయింది.

"నాయనా," అన్నారు మామ్మగారు కొడుకుతో, ఎంతో మెత్తగా. "వీళ్ళకి ఫలహారం పెట్టించు. తిరుగు రైలు ఎన్నింటికో కూడా కనుక్కో."

మా గోదావరి సీమలో "పొండి" అనే మాటను ఎవరూ అనరు. రైలు వేళ కనుక్కుంటారు. రసం గురించి జీవితమంతా చదివినవాడిని, నిండు హాలులో రసభంగం చేసి కూర్చున్నాను. ఉప్మా పళ్ళెం ముందుకు వచ్చింది. తెర మీద నేను ముందే చంపివేసిన పోరు ప్రారంభమైంది. మామ్మగారు ఒక్కసారైనా కర్ర తాటించలేదు. రిఫరీకి దెబ్బ తగిలింది. అతడు అటు తిరిగి కూలబడుతున్నాడు. తళుకుల కోటు బెల్టు మీద చెయ్యి వేశాడు...

కరెంటు పోయింది.

ఫ్యాను నెమ్మదిగా ఆగింది. వీధిలో ఎవరో "మళ్ళీ ఆ ట్రాన్స్‌ఫార్మరేనండీ!" అనడం వినిపించింది. నల్లబడిన తెరను వదిలి మామ్మగారు నా వైపు తిరిగారు.

"ఏమవుతుందో చెప్పేశావుగా అబ్బాయ్. ఎలా అవుతుందో చెప్పలేదు. చెప్పు."

"రిఫరీ పరాఙ్ముఖుడై ఉండగా..."

"అలా పాఠంలా కాదు. లేచి చేసి చూపించు."

అమ్మ కళ్ళు మూసుకుంది. నేను లేచాను. పెళ్ళిచూపుల్లో పిల్లను పాట పాడమంటారని విన్నాను గాని, వరుడిని కుస్తీ పట్టమన్నట్టు ఎక్కడా వినలేదు. భుజం మీది కండువాను నాలుగు మడతలు పెట్టి బెల్టు అన్నాను. రిఫరీ కావలసివచ్చాడు. "నువ్వు రిఫరీవి నాయనా. అటు తిరుగు," అన్నారు మామ్మగారు. వ్యాకరణంలో జిల్లా అంతటా పేరున్న పండితుడుగారు గోడవైపు తిరిగి నిలబడ్డారు. నేను తళుకుల కోటునై, వికటంగా నవ్వి, చెయ్యి ఆకాశానికెత్తి (భాయిగారి హెచ్చరిక అప్పుడు గుర్తుకు రాలేదు) కండువాతో గాలిని మోదాను. వెంటనే ఇటు దూకి, ఎర్రగడ్డమై, ఆ దెబ్బ తిని, గుండ్రంగా తిరిగి, చాప మీద వెల్లకిలా పడ్డాను. చంక దగ్గర చొక్కా ఫర్రుమన్నది.

"అన్యాయం! అన్యాయం!" అంటూ మామ్మగారు కర్రతో నేలను కొడుతున్నారు. ఆ మొహంలో అంత ఆనందం అప్పటిదాకా నేను చూడలేదు. "వన్స్‌మోర్!"

"అమ్మా, ఇప్పుడు ఇటు తిరగవచ్చునా?" అన్నారు పండితుడుగారు గోడతో.

"ఎలా తిరుగుతావురా? వన్స్‌మోర్ అన్నానుగా!"

మళ్ళీ లేచాను, మళ్ళీ పడ్డాను. ఈసారి పడి ఉండగా, గుమ్మం వైపు నుంచి స్పాట్ వాల్యుయేషను నాటి నవ్వు, అప్పటికంటే నిడివిగా, ఆపుకోలేనట్టుగా వినవచ్చింది. నేను ఇంకొంచెంసేపు అలాగే పడి ఉన్నాను.

"లే అబ్బాయ్," అన్నారు మామ్మగారు, కళ్ళు ఒత్తుకుంటూ. "నాటకమని నాకు తెలీదనుకున్నావా? మాది కొల్లేటి లంక. చిన్నప్పుడు దోనెల మీద పోయి నాటకాలు చూసేవాళ్ళం. చచ్చినవాడు వన్స్‌మోర్ అంటే లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చేవాడు. మేం మళ్ళీ ఏడ్చేవాళ్ళం. తెలిసే ఏడ్చేవాళ్ళం. పక్కన కూచుని ఇది నాటకం, ఇది నాటకం అని గొణిగేవాణ్ణి మాత్రం తిరిగొచ్చేప్పుడు దోనె ఎక్కనిచ్చేవాళ్ళం కాదు."

"మరి నన్నండీ?" అన్నాను చాప మీద నుంచే.

"నువ్వు పడ్డావుగా. పడ్డవాణ్ణి ఎక్కించుకోవాలి." కొడుకు వైపు తిరిగారు. "ఇంక రైలు సంగతి అడక్కులే నాయనా. భోంచేసి వెళతారు. ఇటు తిరుగు."

అమ్మాయి ముందుకు వచ్చి, మంచినీళ్ళ గ్లాసు నాకు అందించి, నాతో మొట్టమొదటి మాట పలికింది. "చంక దగ్గర చిరిగిందండి."

ఆ సాయంత్రం ఏలూరులో భాయిగారు చొక్కాను ఇటూ అటూ తిప్పి చూశారు. "చెయ్యెత్తారన్నమాట."

"ఎత్తానండీ."

"గెలిచారా?"

"మీవాడిలా పడ్డాను భాయిగారూ. అందుకే సంబంధం కుదిరింది."

ఆయన పకపకా నవ్వి, ఇక మీదట ఎర్రగడ్డం పక్షానికి రమ్మన్నారు. వెళ్ళాను. ఇప్పుడు తరగతిలో రసప్రకరణం చెప్పవలసి వచ్చినప్పుడల్లా, కండువా మడతపెట్టుకొని, వీధిలో కరెంటు లేని ఒక మధ్యాహ్నం చాప మీద వెల్లకిలా పడి ఉన్న ఆ కొత్త పండితుడు గుర్తుకు వస్తాడు. అతడికి శాస్త్రం నాకంటే ఎక్కువే వచ్చు. పడడం మాత్రం అప్పుడే నేర్చుకుంటున్నాడు. అతడిని చూస్తే నవ్వూ వస్తుంది, వన్స్‌మోర్ అనాలనీ ఉంటుంది. అయితే ఆ ప్రదర్శనకు రీప్లే లేదు.

తారణ నామ సంవత్సర కార్తీక బహుళ పంచమి నాడు తాడేపల్లిగూడెంలో మా వివాహం జరిగింది. ముహూర్తం సోమవారం పడకుండా మామ్మగారే దగ్గరుండి చూసుకున్నారు.