మహాదేవి ఉలవల సట్టి

రూపనగుడిలో మిరపకాయ కోతలు మొదలయ్యాయంటే కూలి ఇళ్లల్లో మధ్యాహ్నం వంట అనే మాటే ఉండదు. తెల్లవారీ తెల్లవారకముందే కూలీల ఆటో వచ్చి హారన్ కొడుతుంది. మళ్లీ పొద్దుగూకాక తెచ్చి దింపుతుంది. బళ్ళారిలో ఉద్యోగాలు చేసే ఇల్లాళ్లు ఇప్పుడు కరెంటుతో మెల్లగా ఉడికించే కుండలు కొంటున్నారట, పొద్దున పెట్టిపోతే సాయంత్రానికి కూర తయారుగా ఉంటుందట. ఆ సంగతి ఎవరో గొప్పగా చెప్తే మహాదేవి నవ్వింది. కాపురానికి వచ్చిన పదిహేడేళ్లుగా ఆమె చేస్తున్న పని అదే మరి.

ఆమెది పొట్టు పొయ్యి. పాత రంగుల డబ్బా, కింద పక్కన గుప్పెడంత రంధ్రం, అంతే. రంధ్రంలోకి ఒక కర్ర దూర్చి, డబ్బా నడిమధ్య సీసా నిలబెట్టి, చుట్టూ రైసుమిల్లు వడ్ల పొట్టు పోసి గట్టిగా కూరాలి. తర్వాత కర్రనీ సీసానీ తిప్పుతూ లాగేస్తే లోపల గాలి ఆడే దారి మిగులుతుంది. కూరడం వదులైతే పొట్టు కూలిపోయి పొయ్యి ఆరిపోతుంది. మహాదేవి కూరిన పొయ్యి ఒక్కసారీ కూలలేదు. రంధ్రం దగ్గర కాగితం పెట్టి ముట్టిస్తే ఐదు గంటలు తనపాటికి తాను కాలుతుంది, ఊదనక్కర్లేదు, ఎగదోయనక్కర్లేదు. దానిమీద రాత్రి నానబెట్టిన ఉలవలు మట్టి సట్టిలో నిండా నీళ్లతో పెట్టి, మూతమీద రాయి ఉంచి పోయేది. సాయంత్రం ఆ కట్టు వంచి చారు కాచేది, గింజలకు తాళింపు వేసేది, రెండు రొట్టెలు కొట్టేది. మొగుడూ పెళ్లాలిద్దరికీ రాత్రి గడిచిపోయేది. పిల్లలు కలగలేదు. ఆ ముచ్చట మాట్లాడుకోవడం వాళ్లు ఎప్పుడో మానేశారు.

మొగుడు ఓబులేష్, పెదబాబు గారి ట్రాక్టరు నడిపేవాడు. పెదబాబుది కోస్తా నుంచి వచ్చి కాలవ కింద వరి వేసుకున్న కుటుంబం. ఆ మంగళవారం పొద్దున మహాదేవి పెరట్లో పొయ్యిలో పొట్టు కూరి, సట్టి ఎక్కించి, అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుంటుండగా హారన్ మోగింది. ఓబులేష్ పళ్లు తోముకుంటున్నాడు.

"నువ్ పో మే, ఆటో వస్తాండాది. నేను ముట్టిస్తాలే."

"మర్సిపోవద్దు మళ్ల."

"ఒక్క అగ్గిపుల్లకు ఇంత పురాణమా? పో!"

ఆమె అగ్గిపెట్టెను సట్టి పక్కన పెట్టి పరుగెత్తింది.

పదకొండు దాటాక చేనులో మేస్త్రికి ఫోన్ వచ్చింది. కాలవ గట్టు మీద ట్రాక్టరు జారి తిరగబడింది, ఓబులేష్ దాని కింద పడి అక్కడికక్కడే పోయాడు. మహాదేవి ఆ మాట విన్నది. ఒడిలో ఉన్న కాయలను గోనెలో పోసింది, కొంగు దులుపుకుంది, వెళ్లి ఆటోలో కూర్చుంది. దారి పొడుగునా ఆమెకు వచ్చిన ఆలోచన ఒక్కటే, ఉలవల్లో నీళ్లు చాలతాయో చాలవో అని. ఇదేం బుద్ధి అని తనకే సిగ్గేసింది. కానీ ఇంకో ఆలోచన రమ్మన్నా రాలేదు.

మూడు గంటలకు శవం వచ్చింది. ఆడవాళ్లు ఆమెను పట్టుకొని గొల్లుమన్నారు. ఓబులేష్ పెద్దమ్మ దురుగమ్మ భుజాలు పట్టి ఊపింది.

"ఏడువు మే! ఏడిస్తే బరువు దిగుతాది. ఇట్ల గుంజ మాదిరి కూసుంటే ఎట్ల?"

మహాదేవి ప్రయత్నించింది. అబద్ధమెందుకు, నిజంగానే ప్రయత్నించింది. రాలేదు. మిరపకాయలు కోసీ కోసీ వేళ్లు మండిపోయి, చివరికి ఏది పట్టుకున్నా తెలియకుండా పోతుంది చూడండి, ఆమె లోపలంతా అలా అయిపోయింది. ఎదురుగా పడుకోబెట్టింది తన మొగుణ్ణేనని తెలుసు. తెలిసినా ఏమీ కాలేదు.

చావు ఇంట్లో వండినదీ నిలవ నీళ్లూ పారబోయాలి, మూడో రోజు దాకా పొయ్యి ముట్టించకూడదు. అది ఆ వాడకట్టు ఆచారం. దురుగమ్మ కొంగు బిగించి లేచి బిందెలన్నీ వీధిలోకి ఒంపింది. తర్వాత పెరటి వైపు నడిచింది. అప్పుడు నోరు తెరిచింది మహాదేవి.

"పెద్దమ్మా, ఆ సట్టి ముట్టుకోవద్దు."

"ఏంది?"

"అది ఆయప్ప ముట్టించిన పొయ్యి. ఆయప్ప నిప్పు మీద ఉడికినాది. నేను తింటా."

అందరూ నోళ్లు నొక్కుకున్నారు. పీనుగ వాకిట్లో ఉండగా తిండి మాట ఎత్తే పెళ్లాం ఉంటుందా అని గుసగుసలు. ఆమెకు ఆకలి లేదు. ఓబులేష్ చేత్తో చేసిన చివరి పని ఆ ఇంట్లో అదొక్కటే మిగిలింది. దాన్ని మట్టిపాలు కానివ్వకుండా రెండు ముద్దలు తినాలి. ఆ రోజంతటిలో ఆమె లోపల కదిలిన కోరిక అదొక్కటే.

మనవాళ్ల సంగతి తెలిసిందే, చావు ఇంట్లోనూ పంచాయితీ పెట్టందే ఊరుకోరు. కులపెద్ద హులిగెప్పను పిలిచారు. ఆయన తలపాగా సర్దుకొని తీర్పు చెప్పాడు.

"పాణం పోకముందే ఉడికింటే మైల ల్యా. పోయినాంక ఉడికింటే పారబోయాల్సిందే."

మరి ఎప్పుడు ఉడికినట్టు? ఆరు గంటలకు ముట్టించి ఉంటాడు. ఉలవలు నాలుగు గంటల్లో ఉడుకుతాయని ఒకామె, ఐదు పడుతుందని ఇంకొకామె. గోడ పక్కన తల వంచుకొని నిలబడ్డ పెదబాబును, బండి ఎన్నింటికి తిరగబడిందని అడిగారు.

"పదింబావు అయ్యుంటుందండీ," అన్నాడాయన.

మళ్లీ లెక్కలు మొదలయ్యాయి. హులిగెప్పకే విసుగొచ్చింది.

"సుమ్నే ఉండండప్పా, వాదులాట సాలు! గింజ ఎట్లుందో చూస్తే తెలుస్తాది. మెత్తగా ఉంటే ఆయమ్మను తిననీయండి. పాపం నాకే తగలనీ, నేను చెప్తాండా."

మహాదేవి లేచి పెరట్లోకి పోయింది. రాయి తీసి, మూత తీసింది. నీళ్లు తేటగా ఉన్నాయి. ఒక గింజ తీసి వేళ్ల మధ్య నొక్కింది. అది నలగకుండా జారి కింద పడింది. సట్టి అడుగున చెయ్యి పెట్టి చూసింది, చల్లగా ఉంది. వంగి చూస్తే పొట్టు తను కూరినట్టే పచ్చగా ఉంది, రంధ్రం దగ్గర పెట్టిన కాగితం తెల్లగా ఉంది.

ముట్టించనే లేదు.

ఆమె ఆ సట్టిని రెండు చేతులా ఎత్తుకొని జనం మధ్య నుంచి నడిచి ఓబులేష్ తల దగ్గర నిలబడింది.

"ముట్టిస్తానంటివే! ఒక్క పని చెప్పి పోతి, ఒక్కటంటే ఒక్కటి! పొద్దంతా ఎండలో సచ్చి వస్తా గదప్పా నేను? ఇప్పుడు ఏం పెట్టల్ల నీకు? ఏం తింటావు రాత్రికి?"

గొంతు పగిలి వీధి చివరిదాకా వినబడింది. హమ్మయ్య, ఏడుపొచ్చింది అనుకుంది దురుగమ్మ. మహాదేవికి వచ్చింది కోపం, ఏ సాయంత్రమైనా వచ్చే మామూలు కోపం. ఇన్నేళ్లలో ఆమె ఇలా తిట్టిన ప్రతిసారీ ఓబులేష్ దగ్గర ఏదో ఒక సాకు ఉండేది. పుల్లలు మెత్తబడ్డాయనేవాడు, పెదబాబు పిలిచాడనేవాడు, పిల్లి అడ్డమొచ్చిందనేవాడు. ఆమె ఒక్కటీ నమ్మేది కాదు, అతను చెప్పడం మానేవాడు కాదు. ఇప్పుడూ తిట్టడం ఆపి, సట్టి పట్టుకొని, ఏం చెప్తాడో విందామని ఆగింది.